స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, మరి ఆయాసం ఎందుకు తగ్గలేదు?

యువజన కూడికలో మా ఆరోగ్య బృందం చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే ఉంచాం.



ఈ అంశం ఎంచుకోవడానికి కారణం మీరే. ఈమధ్య రెండు మూడు చోట్ల నుంచి యువజన సంఘాలవాళ్లు మమ్మల్ని ఒకే కోరిక అడిగారు. "మందిరం హాల్లో వైద్య శిబిరం పెడుతున్నాం. బీపీ, షుగరు అందరూ చూస్తున్నారు. ఈసారి చేతిలో పట్టుకునే స్కానింగ్ మిషన్ తెప్పించి మన పెద్దవాళ్ల ఊపిరితిత్తులు చూపిద్దాం. ఫోనుకే తగిలించుకోవచ్చంట" అని. కోరిక వెనకున్న మనసు మంచిది. జవాబు మాత్రం అవును, కాదు అని ఒక్క మాటలో వచ్చేది కాదు. మా బృందంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ ఉన్నారు. మిగతావాళ్లం పేషెంట్లను వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లం. అందరం కలిసి ఆలోచించి తయారుచేసుకున్న జవాబు ఇది.

మన తాతలు ఎక్కడెక్కడికి వలస వెళ్లారో ఒకసారి గుర్తుచేసుకోండి. దుమ్ము ఎక్కడుంటే అక్కడికే పిలిచి పని ఇచ్చినట్టుంది. కోలార్ బంగారు గనుల్లోకి తమిళులతో పాటు తెలుగువాళ్లూ దిగారు. షోలాపూర్‌లో నూలు మిల్లులు, మగ్గాలు, ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లు. భివండిలో పవర్‌లూమ్‌లు. బరంపురం నుంచి భువనేశ్వర్ దాకా, ఇటు చెన్నైలో, తెల్లవారకముందే వీధులు ఊడ్చే మన కుటుంబాలు. యానాంలో టైల్స్ పని చేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాతి దుమ్ము, నూలు దుమ్ము, పొగాకు దుమ్ము, రోడ్డు దుమ్ము. ఏ పేటకు వెళ్లినా గోడకానుకుని కూర్చుని రొమ్ము పట్టుకునే మనిషి ఒకరు కనబడతారు. కాబట్టి ఊపిరితిత్తులను చూసే యంత్రం ఏది వచ్చినా దాని సంగతి మనకు తెలియాలి.

ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

మన చెవికి వినిపించే శబ్దం సెకనుకు 20,000 కంపనాల దాకానే. స్కానింగ్ ప్రోబు పంపే శబ్దం సెకనుకు 20 లక్షల నుంచి కోటి కంపనాలు, ఇంకా పైన కూడా. ఆ శబ్దం మన కండలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో లోపలికి పోతుంది, ఏదైనా తగిలితే కొంత వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది అని లెక్కగట్టి యంత్రం తెర మీద బొమ్మ గీస్తుంది. ఎక్స్‌రేలో ఉన్న రేడియేషన్ ఇందులో లేదు. గర్భిణికి, పసిపిల్లకు చేసినా భయం లేదనేది అందుకే.

ఈ శబ్దానికి గాలితో పడదు. కండలోంచి గాలి ఎదురైన చోట దాదాపు అంతా వెనక్కి కొట్టేస్తుంది. ప్రోబు పెట్టే ముందు చల్లగా జెల్ రాస్తారు కదా, అది ప్రోబుకూ చర్మానికీ మధ్య గాలి లేకుండా చేయడానికే. మరి ఊపిరితిత్తి అంటేనే గాలి నిండిన స్పాంజి. అందుకే చాలా ఏళ్లపాటు పెద్ద పెద్ద వైద్య గ్రంథాలు కూడా ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ పనికిరాదనే రాశాయి. ఆ మాట అబద్ధం కాదు, సగం నిజం.

మిగతా సగాన్ని ముందు గమనించినవాళ్లలో పశువైద్యులు ఉన్నారంటే నవ్వొస్తుంది. గుర్రం రొమ్ము మీద ప్రోబు పెడితే ఊపిరితిత్తి పొర జారుతూ కనబడుతుందని, ఆ జారుడు లేకపోతే గాలి బయటికి లీకై రొమ్ములో చేరిందని అర్థమని 1986లోనే వాళ్లు రాశారు. తర్వాత ఫ్రాన్స్‌లో డానియెల్ లిష్టెన్‌స్టైన్ అనే ఐసీయూ డాక్టరు మనుషుల్లో దాన్ని పట్టుకున్నారు. శబ్దం గాలికి తగిలి వెనక్కొచ్చేటప్పుడు తెర మీద ఏర్పడే ఉత్త నీడలనే అక్షరాల్లా చదవడం నేర్పారు. ఈ జారుడు గురించి 1995లో ఒక వ్యాసం రాశారు. 2008లో, ఉన్నట్టుండి ఊపిరాడక ఐసీయూకు వచ్చినవాళ్లకు వరుసగా ఎక్కడ ప్రోబు పెట్టాలో, ఏమి కనబడితే ఏ జబ్బు అనుకోవాలో ఒక పద్ధతి ప్రకటించారు. 260 మందిలో ఆ పద్ధతి నూటికి 90 మందికి పైగా సరైన జబ్బునే చూపించింది. 2012లో పలు దేశాల నిపుణులు కూర్చుని దీనికి ఉమ్మడి మార్గదర్శకాలు రాశారు. కరోనా వచ్చినప్పుడు ఐసీయూల్లో దీని వాడకం ఒక్కసారిగా పెరిగింది.

తెర మీద ఏమి కనబడుతుందో చెబుతాం. పక్కటెముకల మధ్య ప్రోబు పెడితే కాస్త లోపల ఒక తెల్లని గీత కనబడుతుంది. అది ఊపిరితిత్తి పొర. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో శ్వాస తీసినప్పుడల్లా ఆ గీత మీద చీమల బారు నడుస్తున్నట్టు ఒక కదలిక. దాని కింద సమాన దూరాల్లో అడ్డగీతలు. అవి నిజమైన వస్తువులు కావు. శబ్దం పొరకూ ప్రోబుకూ మధ్య అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల వచ్చే ప్రతిబింబాలు. మంగలి షాపులో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చుంటే మన ముఖం వరుసగా కనబడదూ, అలాగన్నమాట. వీటిని ఏ-గీతలు అంటారు. ఏ-గీతలు ఉన్నాయంటే ఆ పొర వెనక గాలి ఉంది.

ఊపిరితిత్తి తడిసినా, గట్టిపడినా బొమ్మ మారుతుంది. పొర నుంచి తెర అడుగు దాకా టార్చిలైటు వెలుగులా నిలువు గీతలు దిగుతాయి. అవి బీ-గీతలు. ఒక పక్కటెముకల సందులో ఒకటో రెండో ఉంటే ఫర్వాలేదు. మూడు, అంతకు మించి ఉంటే అనుమానించాలి. న్యుమోనియాలో గాలి పోయి చీము, నీరు నిండిన చోట ఊపిరితిత్తి కాలేయంలా కండగా కనబడుతుంది. చుట్టూ నీరు చేరితే నల్లగా.

ఇది బాగా పనిచేసే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

నీరు చేరడం సంగతే తీసుకోండి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో సుమారు 200 మిల్లీలీటర్లు చేరేదాకా తెలియకపోవచ్చు. స్కానింగ్‌లో టీ గ్లాసు అడుగున మిగిలినంత ఉన్నా కనబడుతుంది. మన దేశంలో పడుచువాళ్లకు ఒక పక్క నీరు చేరిందంటే డాక్టరు ముందు అనుమానించేది టీబీని. ఆ నీటిలో సాలెగూడులాంటి తీగలు ఏర్పడ్డాయా, సూది ఎక్కడ గుచ్చితే ఊపిరితిత్తికి తగలకుండా నీరు తీయవచ్చు అనేది కూడా స్కానింగ్ చూపిస్తుంది. చూడకుండా గుచ్చడానికీ చూసి గుచ్చడానికీ చాలా తేడా ఉంది. ఎవరికైనా నీరు తీయాలన్నారంటే "స్కానింగ్ చూసి తీస్తారా సార్?" అని అడగండి. అది మర్యాద తప్పిన ప్రశ్న కాదు.

ఇంకొకటి గుండె. రాత్రి మూడు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేని అమ్మమ్మలు, కాళ్లు వాచిన మామలు మన పేటల్లో ఎంతమంది లేరు! ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి పీల్చే మందు వాడుతుంటారు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరితే రెండు పక్కలా బీ-గీతలు నిండిపోతాయి. ఉబ్బసమైతే సాధారణంగా అవి ఉండవు. మంచం పక్కన పది నిమిషాల్లో తేలే ఈ తేడా మందునే మార్చేస్తుంది. ప్రమాదంలో రొమ్ముకు దెబ్బ తగిలి గాలి చేరినవాళ్లకైతే అది ప్రాణం నిలిపే పది నిమిషాలు. అక్కడ కూడా జారుడు కనబడలేదు కదా అని వెంటనే తీర్పు చెప్పరు. జారేచోటు, జారనిచోటు కలిసే అంచును వెతికి ఖాయం చేసుకుంటారు.

పసిపిల్లల న్యుమోనియాకు కూడా ఇది మంచి సాధనం. తల్లి ఒడిలో ఉండగానే చూడవచ్చు. అయితే అక్కలారా, దీనికంటే ముందు మీ దగ్గరున్న పరికరం ఒకటుంది, గడియారం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. ఆ లెక్క చేరినా, దాటినా ఆసుపత్రికి నడవండి. రొమ్ము కింద డొక్క లోపలికి గుంజుకుపోతుంటే నడవడం కాదు, పరుగెత్తండి. స్కానింగ్ ఉన్న ఊరికోసం ఎదురుచూడకండి.

ఇక అసలు విషయానికి వస్తాం.

ఈ యంత్రం ఊపిరితిత్తిని చూడదు. ఊపిరితిత్తి అంచును చూస్తుంది. గాలి దగ్గర శబ్దం ఆగిపోతుంది కాబట్టి పొరను ఆనుకున్న జబ్బు మాత్రమే తెర మీదికి వస్తుంది. పొరకూ జబ్బుకూ మధ్య రెండు వేళ్ల మందం మంచి ఊపిరితిత్తి ఉంటే చాలు, వెనకున్నది దాగిపోతుంది. ఇంటి బయట గోడ మీద చెయ్యి పెట్టి లోపలి గదిలో ఏముందో చెప్పమన్నట్టే. పైగా వీపున రెక్క ఎముక ఒకటి అడ్డం.

కాబట్టి ఊపిరితిత్తి నడిమధ్య ఉన్న చిన్న గడ్డ కనబడకపోవచ్చు. పైభాగంలో, లోతున ఉన్న టీబీ గుంత కనబడకపోవచ్చు. ఉబ్బసంలో, పొగ వల్ల వచ్చే దీర్ఘకాలపు ఆయాసంలో బొమ్మ మామూలుగానే ఉంటుంది. నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్లకు సెలవు తర్వాత మొదటి రోజు డ్యూటీలో రొమ్ము బిగబట్టేస్తుంది. నూలు దుమ్ము జబ్బుకు గుర్తు అదే. మొదట్లో దాన్ని స్కానింగ్ పట్టుకోదు. ఊది చూసే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, చేయాలి. అదీ డ్యూటీకి ముందు ఒకసారి, డ్యూటీ అయ్యాక ఒకసారి చేస్తేనే తేడా తెలుస్తుంది.

బీ-గీతలు కనబడినా అవి ఎందుకు వచ్చాయో అవి చెప్పవు. గుండె నీరు, కిడ్నీ చెడిపోవడం, న్యుమోనియా, కరోనా, ఊపిరితిత్తి మచ్చగట్టి బిగుసుకుపోవడం, అన్నిటిలోనూ అవే గీతలు. రెండు పక్కలా ఉన్నాయా ఒక పక్కేనా, పొర నున్నగా ఉందా గరుకుగా ఉందా అని చూసి, మనిషిని అడిగి, గుండెను కూడా చూసి తేల్చుకోవాలి. చూసేవాళ్ల చేతి నేర్పు మీద చాలా ఆధారపడి ఉంటుంది.

లిష్టెన్‌స్టైన్ పద్ధతిలోనే ఒక సంగతి ఉంది, మాకు బాగా నచ్చింది. ఊపిరాడని మనిషి ఊపిరితిత్తులు తెర మీద మామూలుగా కనబడితే ఆయన "ఏమీ లేదు, ఇంటికి వెళ్లు" అనలేదు. వెంటనే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడమన్నారు, అది ఊపిరితిత్తిలోకి పోయి ఉండవచ్చు కాబట్టి. అదీ లేకపోతే ఉబ్బసం, పొగ ఆయాసం వైపు ఆలోచించమన్నారు. ఆ యంత్రం గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి దగ్గర కూడా మామూలు స్కాన్ తర్వాత ఇంకో ప్రశ్న ఉంది.

మన దగ్గర ఏం జరుగుతోంది? "స్కానింగ్ తీయించాం, నార్మల్ అన్నారు" అనే మాటతో ఫైలు మూసేస్తున్నారు. ఆసుపత్రి పేర్లు మేము చెప్పం, ఒక్క చోట జరిగేది కాదిది. చాలాసార్లు జరిగింది కడుపు స్కానింగ్, రొమ్ముది కాదు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరు కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెబుతారు. తాతకు అర్థమైంది "నార్మల్" అన్న ఒక్క ముక్క. కాబట్టి స్కానింగ్ కాగితం చేతికి రాగానే ఏ భాగానికి చేశారో చదవండి. ఇంటర్మీడియెట్ చదివిన తమ్ముడికి ఆ పని వస్తుంది.

ఇందులో డబ్బుకు, హక్కుకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ గురించి చెబుతున్నాం. కోలార్ గనుల్లో 1940లలో 7,600 మందికి పైగా కార్మికులను పరీక్షిస్తే నూటికి 40 మందికి పైగా ఈ జబ్బు బయటపడింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఊపిరితిత్తిలో కూరుకున్న దుమ్ము గనితో పాటు మూతపడదు. పని మానేసిన ఏళ్ల తర్వాత కూడా జబ్బు పెరుగుతుంది. గని ఒక్కటే కాదు, క్వారీ, రాళ్ల క్రషర్, టైల్స్, గ్రానైట్ కోత, ఇసుక ఊదే పని, అన్నిట్లోనూ అదే దుమ్ము.

సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మామూలువాళ్లకంటే చాలా ఎక్కువ. రెండూ ఊపిరితిత్తి పైభాగాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. దగ్గు, ఆయాసం, చిక్కిపోవడం రెండింట్లోనూ ఒకటే. అందుకని దుమ్ము జబ్బు ఉన్న మనిషికి తెమడలో టీబీ క్రిమి దొరక్కపోయినా టీబీ అనేసి మళ్లీ మళ్లీ కోర్సులు వేయడం జరుగుతుంది. టీబీకి మందుంది, నయమవుతుంది. సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. దుమ్ముకు దూరం చేయడం, టీబీ రాకుండా కనిపెట్టుకుని ఉండడం, నష్టపరిహారం ఇప్పించడం, ఇవే ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు దీన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా పేర్కొంది. 1923 నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులోనూ ఉండేది. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానమే తెచ్చింది. జబ్బు ఖాయమైతే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు.

ఈ జబ్బు ఖాయం చేసేది ఎలా? ఏ పని ఎన్నేళ్లు చేశారన్న చరిత్ర, దానికి తోడు రొమ్ము ఎక్స్‌రే. అంతర్జాతీయ కార్మిక సంస్థ తయారుచేసిన ప్రామాణిక ఫిల్ములను పక్కన పెట్టి, మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో పోల్చి చదువుతారు. అవసరమైతే సీటీ స్కాన్. ఈ లెక్కలో అల్ట్రాసౌండ్‌కు చోటు లేదు. ముదిరిన జబ్బులో పొర గరుకుగా, బీ-గీతలతో కనబడవచ్చు. లోపలి చిన్న చిన్న గట్టి మచ్చలను అది లెక్కపెట్టలేదు. రేపు మందిరం హాల్లో ఎవరో ప్రోబు పెట్టి "బాగానే ఉంది తాతా" అంటే తాత సంతోషంగా ఇంటికి వెళతాడు. ఎక్స్‌రేకు వెళ్లడు. పరిహారం అడగడు. ఆ ఒక్క మాట ఖరీదు 3 లక్షలు కావచ్చు, టీబీ ఉండి మందు పడకపోతే ప్రాణమే కావచ్చు. శిబిరానికి వద్దనడానికి మా మొదటి కారణం ఇదే.

రెండో కారణం చట్టం. స్కానింగ్ సెంటర్లలో "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అనే బోర్డు చూసే ఉంటారు. ఆ బోర్డు ఊరికే రాలేదు. మహారాష్ట్ర ఆడవాళ్ల పోరాటంతో 1988లో అక్కడ మొదటి చట్టం వచ్చింది. కేంద్ర చట్టం 1994లో చేశారు, 1996 జనవరి 1 నుంచి అమలు. కాగితం మీదే ఉండిపోతే 2000లో సెహత్, మాసూమ్ అనే సంస్థలు, సాబు జార్జ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2003లో చట్టాన్ని బిగించారు. 1991 జనాభా లెక్కల్లో ఆరేళ్ల లోపు వెయ్యి మంది మగపిల్లలకు 945 మంది ఆడపిల్లలు ఉంటే, 2001కి 927 అయ్యారు. ఆ దిగిపోయిన లెక్క వెనక ఇదే ప్రోబు ఉంది.

అందుకే ప్రతి స్కానింగ్ మిషనూ నమోదు కావాలి, నడిపేవాళ్లకు చట్టం చెప్పిన అర్హత ఉండాలి. చేతిలో పట్టుకుని తిరిగే మిషన్ల మీద 2012లో ఇంకో నిబంధన పెట్టారు. నమోదైన ఆసుపత్రి లోపల, అక్కడి ఇన్‌పేషెంట్లకు వాడాలి. లేదంటే ఇతర వైద్య సేవలు కూడా అందించే నమోదైన సంచార వైద్య వాహనంలో వాడాలి. అంతే. మందిరం హాలు ఈ రెండింటిలో దేనికిందకూ రాదు. చట్టం మీరితే మొదటిసారి 3 ఏళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. "మేము చూసింది ఊపిరితిత్తులే" అనే జవాబు నిలబడదు.

దీనివల్ల ఊపిరితిత్తుల స్కానింగ్ పల్లెలకు, పేటలకు ఆలస్యంగా చేరుతోందన్న బాధ డాక్టర్లకు ఉంది. అది నిజమైన బాధే. కడుపు లోపలిదాకా చూడలేని, పై పొరలను మాత్రమే చూసే ప్రోబులకైనా మినహాయింపు ఇవ్వమని అడిగేవాళ్లున్నారు. మా బృందంలో కూడా ఈ విషయం మీద వాదన గట్టిగానే జరిగింది. చివరికి మేము నిలబడింది ఇక్కడ. రొమ్ములో నీటిని బాగా చూసే వంపు ప్రోబు, గర్భాన్ని చూసే ప్రోబు ఒకటే. పుట్టబోయే ఆడబిడ్డకు కాపలాగా పెట్టిన కంచెను మన సౌకర్యం కోసం తీసేయమని మనం అడగకూడదు. కంచె లోపలే దారి అడుగుదాం. ప్రభుత్వ తాలూకా ఆసుపత్రిలో నమోదైన మిషన్ ఉంది. అది గర్భిణుల గదిలో మధ్యాహ్నం దాకా నడిచి తాళం వేసుకుని ఉంటుంది. దాన్నే చట్టం ప్రకారం ఊపిరాడని మనిషికి వాడేలా అక్కడి డాక్టర్లకు శిక్షణ ఇమ్మని, అత్యవసర విభాగంలో ఒకటి నమోదు చేయించమని జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టవచ్చు. సంచార వాహనం మన పేటకు ఎందుకు రాదని అడగవచ్చు.

మరి శిబిరంలో ఏం చేయాలి? చేయదగ్గది చాలా ఉంది. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మిషన్లు కూడా ఇప్పుడు వచ్చాయి. 2024 డిసెంబరులో మొదలైన 100 రోజుల టీబీ కార్యక్రమంలో ప్రభుత్వం వాటిని వాడింది. ఎక్స్‌రే చిత్రాన్ని కంప్యూటరు చేత చదివించి టీబీ అనుమానితులను వేరుచేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 15 ఏళ్లు, ఆపైవారి విషయంలో ఒప్పుకుంది. మన పేటలకు స్కానింగ్ కంటే ఎక్కువ పనికొచ్చేది అదే. జిల్లా టీబీ ఆఫీసుకు ముందుగా ఉత్తరం రాస్తే తెమడ డబ్బాలు, మనుషులు రావడం కష్టం కాదు. దగ్గు రెండు వారాలు దాటిన ప్రతి ఒక్కరికీ తెమడ పరీక్ష చేయించాలి. ప్రార్థన చేయించుకోవడానికి దగ్గుతూ వచ్చినవారికి ప్రార్థన చేయండి, డబ్బా కూడా చేతికివ్వండి. ఆ రెండింటికీ గొడవ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన పనికి మిషనే అక్కర్లేదు, ఒక పెన్ను చాలు. ఆయాసం ఉన్న ప్రతి మనిషి పక్కన కూర్చుని వాళ్ల పని చరిత్ర రాయండి. ఏ గని, ఏ షాఫ్టు, ఏ మిల్లు, ఏ ఖాతా, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, డ్రిల్లింగా మోతా, తడిపి చేసేవాళ్లా పొడిగానా, ముఖానికి ఏం కట్టుకునేవాళ్లు, అదే పని చేసినవాళ్లు ఇంకెవరు బతికున్నారు. పాత జీతం చీటీ, పీఎఫ్ కాగితం, ఈఎస్ఐ కార్డు ఉంటే ఫోటో తీసి పెట్టండి. బీడీ చుట్టే అక్కలకు కార్డు ఉందో లేదో చూడండి. పెద్దవాళ్లు "అవన్నీ ఇప్పుడెందుకురా" అంటారు. నిదానంగా అడగండి, టీ తాగించి అడగండి. అయిదేళ్లు పోతే ఆ వివరాలు చెప్పడానికి మనుషులే ఉండరు.

ఆ వివరాలు నింపే కార్డు నమూనా వెనక బల్ల మీద పెట్టాం. ఒక పక్క తెలుగులో, రెండో పక్క కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలలో ఉంది, డాక్టరు చేతికి ఇచ్చినప్పుడు ఆయన చదువుకోగలగాలి కదా. యానాం నుంచి వచ్చినవాళ్లు తెలుగు పక్కతోనే సరిపెట్టుకోవచ్చు. ఒక్కొక్కరు పది కార్డులు తీసుకోండి. నింపిన కార్డు అసలు ఆ మనిషి దగ్గరే ఉండాలి, మీరు నకలు మాత్రమే ఉంచుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, మా డాక్టరు గారు సాయంత్రం బస్సుకు వెళ్లాలి, ముందు ఆయన్ని అడగాల్సినవి అడిగేయండి.